పోటు గీత

ఒకే బల్ల మీద రెండు ఫారాలు.
ఒకటి ఇంటికి, ఒకటి పిల్లకి.
ఇంటి ఫారం అడిగింది:
పోటు గీతకి ఎన్ని మీటర్లు?
బడి ఫారం అడిగింది:
శాశ్వత చిరునామా?
రెండు చోట్లా ఖాళీ వదిలాను.

మాది కళ్యాణదుర్గం కాడ.
అక్కడ బీమా అంటే వేరుశనక్కాయ.
వాన కొలిచే గొట్టం మండలాఫీసు మిద్దె మీద ఉండేది.
దాంట్లో కురిసింది, మా చేన్లో కురవలేదు.
కాయితాల్లో మేం తడిసినోళ్లం.
నీళ్లు రాక నష్టపోయిన లెక్కే తెలుసు నాకు.
నీళ్లొచ్చి నష్టపోయే లెక్క
కాట్రేనికోన బదిలీ ఆర్డరుతో చేతికొచ్చింది.

ఏజెంటు గెడ్డం ఏసుబాబు
చెప్పులు గుమ్మం బైటే విడిచి
గోడని వేలి కణుపుతో కొట్టి చూశాడు,
పుచ్చకాయ బేరమాడినట్టు.
"లోపలి ఇనుముని ఉప్పు తినేసిందండీ.
అయినా పర్లేదు, రాసేద్దాం.
గాలికి పోతే డబ్బులొస్తాయండి.
ఉప్పెనైతే, అది వేరే పేజీ."
రెండూ ఒకేసారొస్తే?
"ఏది ముందొచ్చిందో
సర్వేయరుగారికి మీరే చెప్పాలండి."

ఆ రాత్రి ఓబులేసూ నేనూ
సామానుకి ఖరీదు కట్టాం.
ఫ్రిజ్జు ఇంత. కుట్టుమిషను ఇంత.
మా అమ్మ ఇచ్చిన గొర్రెబొచ్చు కంబళి,
ఈ ఉక్కలో ఎవరు కప్పుకుంటారు, సున్నా.
హంపమ్మ నిద్రలో దొర్లింది.
తొమ్మిదేళ్లది, మా అత్త పేరు.
పక్క వీధి పిల్లలు ఆ పేరుకి నవ్వారంట.
"యాడికి" అన్నందుకు ఇంకోసారి.
ఆ గడి ఏ ఫారంలోనూ లేదు.

బడి చూడ్డానికి వెళ్లాను.
స్తంభాల మీద నిలబడ్డ బడి.
కింద సైకిళ్లు, రెండు మేకలు, ఎండుచేపల వాసన.
గేదె కూడా ఎక్కేంత వెడల్పు మెట్లు.
"తుఫానొస్తే ఇది బడి కాదండి, ఊరు"
అంది హెడ్మిస్ట్రెస్ సౌభాగ్యవేణి,
ఆ వెంటనే, "టీసీ తెచ్చారా?"

లెక్కల మాస్టారు ఉన్నారా,
ఏడాది మధ్యలో చేరితే పిల్ల వెనకబడదా,
అడగాలని దారంతా కూడబలుక్కున్నాను.
నోట్లోంచి వచ్చింది మాత్రం:
"ఈత నేర్పుతారా?"
ఆవిడ నవ్వలేదు.
"మా పిల్లలకి బళ్లో చేరేటప్పటికే వచ్చుంటదండి" అంది.

దిగుతుంటే చూశాను, మెట్ల పక్క స్తంభానికి
పెన్సిలు గీతలు, పేర్లు. పిల్లల ఎత్తులు.
వాటన్నిటికీ పైన నీలం రంగు గీత ఒకటి.
పేరు లేదు, తొంభయ్యారు అని అంకె.
నా చెవి దాకా వచ్చింది.

పాలసీ పదిహేనో రోజు నించి చెల్లుతుంది.
పదకొండో రోజు ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారే కూశాయి.
హంపమ్మ ఎగురుకుంటూ వచ్చింది:
"అమ్మా, ఈ రాత్రికి అందరూ మా క్లాసులోనే!
నా బెంచీ చూపిస్తా నీకు."

చూపించింది.
మోకాళ్లు పట్టని ఆ బెంచీ మీద నేను,
ఎదురుగా లుంగీ కట్టిన ఏసుబాబు,
ఒళ్లో పాలిథిన్ సంచీలో ఊరందరి పాలసీలు.
"మీ ఇంటిది?" అన్నాను.
"నాదాండి? రేకులింటికి రాయరండి" అని
దీపం వత్తి సరిచేశాడు.

మా అమ్మ కంబళి ఆ రాత్రి
ముగ్గురు పిల్లలకి సరిపోయింది.
అందులో ఒకతె, పేరుకి నవ్విన పిల్లే.

తెల్లారేసరికి గాలి ఒరిస్సా వైపు తిరిగింది.
మా ఇంటివి పదమూడు పెంకులు పోయాయి.
నాలుగు రోజుల తేడాతో, మా ఖర్చులోనే.

మెట్లు దిగి హంపమ్మ
నీలం గీత కింద నిటారుగా నిలబడింది.
నెత్తి మీద అరచెయ్యి ఆనించుకుని
"ఇంకా జానెడు తక్కువుందండీ" అంది.
నాతో. అండీ అని.

సౌభాగ్యవేణిగారు రెండుసార్లు కబురంపారు,
ఆ ఒక్క గడీ నింపి పంపమని.
నింపాను.
పెన్సిలుతో.